ఫ్రిజ్ ఉన్న ఇల్లు

మీసేవల నవాజు అడిగిండు:
"ఏడాదికి ఎంతొస్తదమ్మా?"

ఏ ఏడాదికి బిడ్డా, అన్న.
మిర్యాలగూడ సందులన్నీ వడ్ల లారీలతోని నిండిన ఏడాదికా,
సాగర్ కాల్వ ఎండి
మిల్లు గేటుకు తాళం పడ్డ ఏడాదికా?
జానయ్య బస్తాకు ఇంతని మోస్తడు,
నెలకు ఇంతని మోయడు.
నేను నూకలు చెరుగుతా, పొద్దుకు పొద్దే లెక్క.
నడుం పట్టి ఆయిన మంచంల పడ్డ ఇరవై రోజులు
ఏ గడిల రాయాలె?

నవాజు నవ్విండు. మంచి పోరడు.
"అరవై వేలని కొడుతున్న, అందరికీ అదే."
గట్ల మా బజారు బజారంత
పొద్దుగాల పదకొండు గంటలకు సరిసమానమైంది.
ఆటో సత్తార్‌కు, ఇస్త్రీ నాగేంద్రమ్మకు,
పోయినేడు గొలుసు చేయించుకున్న యాకూబమ్మకు
అందరికీ అరవై వేలే.

కిరాయి కాయితం గూడ కావాలన్నరు.
ఇల్లు లేదని చెప్పనీకె
ఇంకొకలింట్ల ఉంటున్నమని సాక్ష్యం.
తొమ్మిదేండ్ల కిరాయి
చేతిల నుంచి చేతిలకే పోయింది,
కాయితం మీదికి ఎన్నడు రాలె.
ఓనరు పురుషోత్తం సారు కండ్లద్దాలు తుడుసుకుంట:
"సంతకం పెడితే ఇంటి పన్ను పెంచరా సైదమ్మా?
నీకు ఇల్లొస్తే నువ్వు పోతవు, పన్ను నాకుంటది."
ఆయిన మాటల తప్పు లేదు.
ఆఖరికి ఎనిమిది వందలని రాసి పెట్టిండు.
ఇస్తున్నది రెండు వేల రెండొందలు.
గా కాయితం మీద మేం
ఏడాదికి పదహారు వేల ఎనిమిది వందలు మిగిలిచ్చుకున్నం.

ఆషాఢంల ఎంక్వైరీకి వచ్చిండు ఒకాయిన,
చేతిల ట్యాబు, గడపల నిలబడి.
ఒక్కటే రూము, లోపటికి వచ్చే పని లేదు.
భూమి? లేదు సారు.
బండి? లేదు.
టీవీ? ఉన్నది, బొమ్మ రాదు, మాటలొస్తయి.
"ఉన్నది" అని కొట్టిండు.
ఫ్రిజ్?

పాత సామాను కొట్టుల ఏడొందలకు తెచ్చిందది.
మోటరు ఎవ్వలో ముందే తీసి అమ్ముకున్నరు.
మిల్లు పక్కన ఇల్లు,
వడ్ల వాసనకొచ్చిన ఎలుకలు మా కాడ కాయితాలు కొరుకుతయి.
ఫ్రిజ్ తలుపు గట్టిగ పడతది, అంతే.
తీసి చూపిచ్చిన.
గుడ్లు పెట్టే గుంతలల్ల అఖిల పెన్సిళ్ళు,
నడుమ పదో తరగతి పుస్తకాలు,
ఐసు గట్టే కాడ రేషన్ కార్డు, ఆధార్లు, గా అరవై వేల కాయితం,
కింద కూరగాయల డబ్బాల నా పెండ్లి చీర.

ఆయిన చానాసేపు చూసిండు.
"నాకు తెలుస్తుందమ్మా.
కని దీంట్ల రెండే ఉన్నయి. ఉన్నది. లేదు."
ఈ పనిల నాకు చెడ్డోడు ఒక్కడు దొరకలె.
దొరికితే తిట్టుకుందును.

వేలు రెండింటి నడుమ జరసేపు ఆగింది.
గా జరసేపట్ల
బైపాస్ అవతల, గడ్డి మొలిసిన గా బిల్డింగుల
నేను రెండో అంతస్తు ఎక్కిన,
కిటికీకి మా అమ్మ చీర పరద కట్టిన,
నల్లా తిప్పి, కట్టేసి, మళ్ళ తిప్పిన,
మూలమూలకు వెతికి ఎలుక లేదని నమ్మి
ఫ్రిజ్‌ను పాత సామానాయినకే తిరిగి అమ్మిన,
అయిదొందలకు.

వేలు పడ్డది.
దేని మీద పడ్డదో,
ఎండకు అద్దం మెరిసి కనపడలె.
అడగనీకె నోరు రాలె.
లాటరీ తీసినప్పుడు ఫోనొస్తదన్నడు.

రాత్రి అఖిల పెన్సిలు కోసం ఫ్రిజ్ తీసింది.
అలవాటు మాట, నోట్ల నుంచి జారింది:
"తలుపు జల్ది వెయ్యి బిడ్డా, సల్లదనం పోతది."
మా ఇంట్ల ఎప్పటి నవ్వులాటే అది.
జానయ్య నవ్విండు, నడుం పట్టుకొని.
అఖిల నవ్వలె.
జల్దిగనే వేసింది తలుపు.